డీసీ కన్వర్టర్ల పరీక్షకు ల్యాబ్‌వ్యూ: చర్లపల్లి బెంచీ మీద తప్పిన వరుస

మా యూనిట్ హైదరాబాద్‌లోని చర్లపల్లి పారిశ్రామికవాడలో ఉంది. 28 వోల్టుల డీసీ తీసుకుని 5 వోల్టులు, 10 ఆంపియర్లు ఇచ్చే కన్వర్టర్లు తయారుచేస్తాం. నేను టెస్ట్ ఇంజనీర్‌ని. నేను చేరేనాటికి ఈ కన్వర్టర్ల పరీక్ష మొత్తం ఒక సీనియర్ టెక్నీషియన్ చేతిమీదుగా జరిగేది. ఇరవై ఏళ్లకు పైగా ఆ బెంచీ దగ్గరే పనిచేసిన మనిషి. మీటరు వైపు చూడకముందే, లోడు పెట్టినప్పుడు, అంటే అవుట్‌పుట్ నుంచి కరెంటు లాగినప్పుడు, కాయిల్ చేసే శబ్దాన్ని బట్టి బోర్డులో ఏదో తేడా ఉందని చెప్పగలడు.

పరీక్ష ఇలా ఉండేది. ఇన్‌పుట్ 18, 28, 36 వోల్టుల దగ్గర పెట్టాలి. ఒక్కొక్క ఇన్‌పుట్ దగ్గర 1, 5, 10 ఆంపియర్ల లోడు వేయాలి. అంటే తొమ్మిది బిందువులు. ప్రతి బిందువు దగ్గర ఇన్‌పుట్ వోల్టేజి, ఇన్‌పుట్ కరెంటు, అవుట్‌పుట్ వోల్టేజి, అవుట్‌పుట్ కరెంటు, రిపుల్ (అవుట్‌పుట్ వోల్టేజిలో మిగిలే చిన్న అలజడి) తీసుకోవాలి. నలభై అయిదు అంకెలను రిజిస్టర్‌లో రాసి, సామర్థ్యం ఎంతో, లోడ్ రెగ్యులేషన్ ఎంతో (లోడు 1 నుంచి 10 ఆంపియర్లకు పెరిగితే అవుట్‌పుట్ వోల్టేజి ఎంత మారుతుందో) కాలిక్యులేటర్‌తో లెక్కకట్టి, సాయంత్రం మరొకరు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు. ఒక్కో కన్వర్టర్‌కు దాదాపు నలభై నిమిషాలు పట్టేది. కొలవడానికి పట్టే సమయం అందులో చాలా తక్కువ, మిగతాదంతా రాతకోతలే. ఆర్డర్ పెద్దదైనప్పుడు ఆటోమేట్ చేయమని నాకు చెప్పారు. అందుకు ప్రోగ్రాంను బొమ్మలా గీసే ల్యాబ్‌వ్యూ అనే భాషను తీసుకున్నాను.

ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు, దాన్ని పట్టుకున్న తీరు ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఈ పని కొత్తగా మొదలుపెట్టే ప్రతి ఒక్కరి దారిలోనూ ఆ తప్పు కాచుకుని ఉంటుంది.

ల్యాబ్‌వ్యూ ఎందుకు

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతోనూ ఈ పని చేయవచ్చు. పరికరాలతో మాట్లాడటానికి అందులో మంచి లైబ్రరీలు ఉన్నాయి. అయినా నేను ల్యాబ్‌వ్యూ ఎంచుకోవడానికి కారణం ఆ సీనియర్ టెక్నీషియనే. పరీక్ష ఎలా చేయాలో తెలిసినది ఆయనకు. ప్రోగ్రాం రాయడం తెలిసినది నాకు. నేను రాసినది ఆయన చదవలేకపోతే, నా ప్రోగ్రాం సరైనదో కాదో చెప్పగల ఏకైక మనిషిని నేనే బయట నిలబెట్టినట్టవుతుంది. ఆయనకు కోడ్ రాదు కానీ సర్క్యూట్ డయాగ్రం చదవడం వెన్నతో పెట్టిన విద్య. బొమ్మగా గీసే భాష అయితే ఆయన పక్కన కూర్చుని తీగ వెంట వేలు పెట్టి నడవగలడు అనుకున్నాను. ఆ అంచనా ఎంత నిజమైందో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

ల్యాబ్‌వ్యూను టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉన్న నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1986లో విడుదల చేసింది. మొదట మెకింతోష్ కంప్యూటర్ల మీద మాత్రమే పనిచేసేది. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన జెఫ్ కొడోస్కీని దాని పితగా చెప్పుకుంటారు. 2023 నుంచి ఆ సంస్థ ఎమర్సన్‌లో భాగం. ఇందులో రాసే ప్రతి ప్రోగ్రాంనూ వీఐ అంటారు, అంటే వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్. ప్రతి వీఐకీ రెండు ముఖాలు ఉంటాయి. ముందు వైపు ఫ్రంట్ ప్యానెల్, నాబ్‌లు, మీటర్లు, దీపాలు ఉండే పరికరం ముఖం లాంటిది. వెనుక వైపు బ్లాక్ డయాగ్రం, మూత తీస్తే కనిపించే లోపలి వైరింగ్ లాంటిది. తీగల రంగును బట్టి వాటిలో పారే విలువ ఏ రకమో తెలుస్తుంది: దశాంశ సంఖ్యలకు నారింజ, పూర్ణాంకాలకు నీలం, అవును-కాదు విలువలకు ఆకుపచ్చ, అక్షరాలకు గులాబీ.

ఇవన్నీ ఒక పూటలో వంటబడతాయి. వంటబట్టడానికి నెలలు పట్టేది ఒకే ఒక్క నియమం. డయాగ్రంలో ఒక పని చేసే గడి తనకు రావలసిన ఇన్‌పుట్‌లన్నీ వచ్చాకే పని మొదలుపెడుతుంది, వచ్చిన వెంటనే మొదలుపెడుతుంది. పులిహోర చేసేటప్పుడు ఒక పొయ్యి మీద అన్నం ఉడుకుతుంది, ఇంకో పొయ్యి మీద చింతపండు పులుసు మరుగుతుంది. ఏది ముందు కావాలో ఎవరూ నియమం పెట్టరు. కలపడం మాత్రం రెండూ వచ్చేదాకా ఆగుతుంది. ల్యాబ్‌వ్యూలో క్రమం అంటే అంతే. కాగితం మీద ఎడమ వైపు ఉన్నది ముందు, కుడి వైపు ఉన్నది తర్వాత అనే లెక్క దానికి లేదు. ఈ వాక్యం నేను మొదటి వారంలోనే చదివాను, తలూపాను, అర్థమైందనుకున్నాను.

మొదటి రోజులు

బెంచీ మీద నాలుగు పరికరాలు ఉన్నాయి: ప్రోగ్రాం చేయగల డీసీ సప్లై, చెప్పినంత కరెంటు లాగే ఎలక్ట్రానిక్ లోడ్, ఆరున్నర అంకెల మల్టీమీటర్, వోల్టేజి అలను తెర మీద చూపే ఆసిలోస్కోప్. సప్లై, మల్టీమీటర్ పరికరాలను కంప్యూటర్‌కు కలిపే జీపీఐబీ కేబుల్ మీద ఉన్నాయి. లోడ్ పాతది, దానికి ఆర్‌ఎస్-232 సీరియల్ పోర్ట్ ఒక్కటే దిక్కు. స్కోప్ యూఎస్‌బీ. ఇన్ని రకాల కేబుళ్లు ఉన్నా ప్రోగ్రాంలో భాష ఒకటే, వీసా అనే సాఫ్ట్‌వేర్ పొర అన్నింటినీ ఒకే రకంగా పలకరించనిస్తుంది.

మొదట చేయవలసిన పని ఒక్కటే. ప్రతి పరికరాన్నీ నువ్వెవరివని అడగాలి. అందుకు ఐడీఎన్ అనే ప్రామాణిక ప్రశ్న ఉంది, జవాబుగా తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబరు వస్తాయి. సప్లై చెప్పింది, మల్టీమీటర్ చెప్పింది, స్కోప్ చెప్పింది. లోడ్ మాత్రం మౌనం. కాసేపు ఆగి మైనస్ 1073807339 అనే ఎర్రర్ వచ్చింది. ఈ పనిలోకి వచ్చినవాళ్లందరికీ కొన్నాళ్లకు ఆ సంఖ్య కంఠతా వచ్చేస్తుంది, టైమ్ అవుట్ అని దాని అర్థం.

కారణం వెతకడానికి ఒక రోజంతా పట్టింది. జీపీఐబీలో వాక్యం ముగిసిందని చెప్పడానికి వేరే తీగే ఉంటుంది. సీరియల్‌లో అది లేదు, వాక్యం చివర కొత్త పంక్తి గుర్తు పంపితేనే అవతలి పరికరానికి మాట పూర్తయిందని తెలుస్తుంది. నేను ఆ గుర్తు టైప్ చేశాననే అనుకున్నాను. కానీ ఆదేశం టైప్ చేసే స్ట్రింగ్ గడి మామూలు ప్రదర్శనలో ఉంది. అందువల్ల నేను కొట్టిన బ్యాక్‌స్లాష్, ఎన్ అనే రెండు అక్షరాలు అక్షరాలుగానే వెళ్లాయి, పంక్తి గుర్తుగా మారలేదు. గడి మీద కుడి క్లిక్ చేసి బ్యాక్‌స్లాష్ కోడ్‌ల ప్రదర్శనకు మార్చి మళ్లీ కొడితే లోడ్ వెంటనే పేరు చెప్పింది.

వైరింగ్ విషయంలో మాత్రం ఆయన ఉండబట్టి నేను తప్పించుకున్నాను. 10 ఆంపియర్లు పారే దారిలో తీగలకు, కనెక్టర్లకు కలిపి 5 మిల్లీఓమ్‌ల నిరోధం ఉన్నా 50 మిల్లీవోల్టులు దారిలోనే పోతాయి. మా లోడ్ రెగ్యులేషన్ పరిమితి 0.5 శాతం, అంటే 5 వోల్టుల మీద 25 మిల్లీవోల్టులు. మల్టీమీటర్ తీగలను లోడ్ టెర్మినళ్ల దగ్గర కలిపితే మంచి కన్వర్టర్ కూడా ఫెయిల్ అవుతుంది. వోల్టేజిని కొలవడానికే ఉన్న సెన్స్ తీగలు నేరుగా కన్వర్టర్ పిన్నుల మీద కూర్చోవాలి. కోఠీ గుజరాతీ గల్లీలో మంచి స్ప్రింగ్ పిన్నులు కొని, కన్వర్టర్‌ను బిగించే ఫిక్స్చర్‌లో కరెంటుకు వేరు, సెన్స్‌కు వేరు దారులు ఆయనే పెట్టారు. సాఫ్ట్‌వేర్ ఎంత బాగా రాసినా ఫిక్స్చర్ తప్పైతే దిద్దే మార్గం లేదు. కొత్తవాళ్లు ప్రోగ్రాంకు ఇచ్చే సమయంలో సగమైనా దీనికి ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

అన్నీ పాస్

ఆరో వారానికి ప్రోగ్రాం నడిచింది. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్‌లు రెండు: బయటి లూప్ ఇన్‌పుట్ వోల్టేజీలకు, లోపలి లూప్ లోడులకు. లోపలి లూప్‌లో ఎడమ నుంచి కుడికి మూడు గడులు: లోడ్ అమర్చు, 500 మిల్లీసెకన్లు ఆగు, మల్టీమీటర్ చదువు. నా టేబుల్ దగ్గర దీపం గుర్తు నొక్కి, విలువలు తీగల వెంట బుడగలుగా కదిలే హైలైట్ పద్ధతిలో నడిపి చూశాను. చేత్తో తీసిన రీడింగులతో మిల్లీవోల్టు తేడా లేకుండా సరిపోయాయి. దాన్ని బెంచీ కంప్యూటర్‌లో పెట్టి, హైలైట్ ఆపి, పన్నెండు కన్వర్టర్లు వరుసగా నడిపాం. అన్నీ పాస్. ఒక్కోదానికి ఏడు నిమిషాలు.

అందరూ సంతోషించారు. ఆయన మాత్రం ప్రింటు తీసిన రిపోర్టు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"అమ్మా, లోడు పెరిగితే వోల్టేజి దిగాలి కదా. ఇక్కడ ఒక్క ఆంపియరు దగ్గరే అన్నింటికన్నా తక్కువ ఉందేమిటి?"

"పరిమితిలోనే ఉంది కదా సార్?"

"పరిమితి సంగతి తర్వాత. ఇలా ఉండటానికి వీల్లేదు."

28 వోల్టుల ఇన్‌పుట్ దగ్గర రిపోర్టులో ఉన్న అంకెలు ఇవి. 1 ఆంపియరు దగ్గర 5.003 వోల్టులు, 5 ఆంపియర్ల దగ్గర 5.019, 10 ఆంపియర్ల దగ్గర 5.011. అదే కన్వర్టర్‌ను ఆయన అప్పటికప్పుడు చేత్తో కొలిచారు. వరుసగా 5.019, 5.011, 5.003 వచ్చాయి. రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూడగానే నాకు ఒళ్లు చల్లబడింది. అంకెలన్నీ నిజమైనవే, ఒక్కొక్కటి ఒక మెట్టు ఆలస్యంగా వస్తోంది. రిపోర్టు పట్టికలో 5 ఆంపియర్ల గడిలో 1 ఆంపియరు విలువ ఉంది. 10 ఆంపియర్ల గడిలో 5 ఆంపియర్ల విలువ ఉంది. 1 ఆంపియరు గడిలో అంతకుముందు ఇన్‌పుట్ దగ్గర మిగిలిపోయిన 10 ఆంపియర్ల విలువ ఉంది.

జరిగినది ఇది. లోడ్ గడికి, ఆగే గడికి, మల్టీమీటర్ గడికి మధ్య నేను ఒక్క తీగ కూడా కలపలేదు. ఎడమ నుంచి కుడికి గీశాను కాబట్టి అదే క్రమంలో నడుస్తాయని నా కన్ను నమ్మింది. మూడింటికీ కావలసిన ఇన్‌పుట్‌లు లూప్ మొదలవగానే సిద్ధంగా ఉన్నాయి కాబట్టి మూడూ ఒకేసారి బయలుదేరాయి. లోడ్‌కు వెళ్లే ఆదేశం 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) వేగంతో నడిచే సీరియల్ తీగ మీద పోవాలి. ఆ వేగంలో ఒక్క అక్షరానికి మిల్లీసెకను పైచిలుకు పడుతుంది, డజను అక్షరాలకు 12 మిల్లీసెకన్లు దాటుతుంది, ఆ తర్వాత లోడ్ దాన్ని అర్థం చేసుకుని అమలు చేయాలి. మల్టీమీటర్ జీపీఐబీ మీద వెంటనే ఆదేశం అందుకుని, మన 50 హెర్ట్జ్ కరెంటు ఒక చక్రం పొడవునా, అంటే 20 మిల్లీసెకన్లు కొలిచి ముగించేది. లోడు మారకముందే కొలత అయిపోయేది. ఆ 500 మిల్లీసెకన్ల విరామం నిష్ఠగా ఆగేది కానీ ఎవరినీ ఆపేది కాదు, పక్కన ఒంటరిగా గడియారం చూసుకునేది.

మరి నా టేబుల్ దగ్గర ఎందుకు సరిగ్గా వచ్చింది? హైలైట్ పద్ధతి ప్రోగ్రాంను బాగా నెమ్మదింపజేస్తుంది. ఆ నెమ్మదిలో లోడ్ ఆదేశం చేరుకునేది, కొలత తర్వాత జరిగేది. తప్పును చూడటానికి నేను వాడిన పనిముట్టే తప్పును దాచింది.

అంతకన్నా బాధ పెట్టినది మరొకటి. ఆ పన్నెండింటినీ చేత్తో మళ్లీ పరీక్షించాం. పదకొండు నిజంగానే పాస్. ఒకటి 5.019 నుంచి 4.989కి పడిపోతోంది. 30 మిల్లీవోల్టులు, 0.6 శాతం, స్పష్టమైన ఫెయిల్. ఒక మెట్టు జరిగిన వరుసలో దానికి 1 ఆంపియరు దగ్గర 4.989, 10 ఆంపియర్ల దగ్గర 5.004 పడ్డాయి. తేడా మైనస్ 15 మిల్లీవోల్టులు. లెక్కలో నేను గుర్తు తీసేసి పరిమాణం మాత్రమే తీసుకున్నాను. 15 వచ్చింది, 25 కన్నా తక్కువ, పాస్. ఆ మైనస్‌ను ఉండనిచ్చి, తేడా మైనస్‌లో వస్తే ఆపేయమని ఒక్క షరతు పెట్టి ఉంటే మొదటి కన్వర్టర్ దగ్గరే దొరికేది. ఆ కన్వర్టర్ల పెట్టె అప్పటికి మా దగ్గరే ఉంది, బయటికి పోలేదు. పోయి ఉంటే ఆ అయిదు వోల్టుల మీద ఏది ఆధారపడి ఉండేదో ఆలోచించడానికి కూడా మనసొప్పలేదు.

దిద్దినవి

ల్యాబ్‌వ్యూలో దాదాపు ప్రతి పరికర గడికీ ఎర్రర్ లోపలికి, ఎర్రర్ బయటికి అని రెండు కొసలు ఉంటాయి. వాటిని తప్పులు చెప్పడానికే అనుకుని వదిలేశాను. వాటి రెండో ఉపయోగం క్రమం. లోడ్ గడి నుంచి బయటికి వచ్చిన ఎర్రర్ తీగ ఆగే గడిలోకి, అక్కడి నుంచి మల్టీమీటర్ గడిలోకి వెళ్తే, ముందుది ముగిసేదాకా తర్వాతిది కదలలేదు. మామూలు ఆగే గడికి ఎర్రర్ కొసలు లేవు కాబట్టి దాన్ని ఒక చిన్న వీఐలో పెట్టి కొసలు ఇచ్చాను. ఫ్రేములు పేర్చి క్రమం పెట్టే సీక్వెన్స్ నిర్మాణం కూడా ఉంది. అది క్రమాన్ని పెడుతుంది కానీ, ఎందుకా క్రమమో చూపదు, మధ్యలో ఎర్రర్ వస్తే ఆగదు. తీగ అన్నీ చూపిస్తుంది. ఆగడం ఒక్కటే చాలదని, విరామం తర్వాత లోడ్‌నే అడిగి నిజంగా ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయో చదివి, అడిగినదానికి దగ్గరగా లేకపోతే ఆ బిందువును రద్దు చేసే మెట్టు కూడా పెట్టాను.

తర్వాత మొత్తాన్ని స్టేట్ మెషీన్‌గా, అంటే ఒక స్థితిలో ఒక పని ముగించి తర్వాతి స్థితికి వెళ్లే పద్ధతిలో, తిరగరాశాను. ఆపేదాకా తిరిగే ఒక వైల్ లూప్, లోపల స్థితిని బట్టి పని ఎంచుకునే ఒక కేస్ నిర్మాణం, ఏ స్థితిలో ఉన్నామో మోసుకెళ్లే షిఫ్ట్ రిజిస్టర్. స్థితుల పేర్లు తెలుగులోనే అనుకుని, ఆయన కాగితం మీద రాసిన పరీక్షా క్రమంలోని మాటలే పెట్టాను: సిద్ధం చేయి, ఇన్‌పుట్ పెట్టు, లోడ్ పెట్టు, నిలకడకు ఆగు, చదువు, తీర్పు, నమోదు, అన్నీ ఆపు. పరిమితులు డయాగ్రంలో లేవు, పట్టికలా తెరిచి దిద్దగల ఒక సీఎస్‌వీ ఫైల్ నుంచి వస్తాయి, అవి మార్చడానికి నా అవసరం లేదు. తీర్పుతో పాటు ముడి రీడింగులన్నీ నిలవ ఉంటాయి. ఏ మల్టీమీటర్ కొలిచిందో దాని సీరియల్ నంబరు, కాలిబ్రేషన్ గడువు తేదీ కూడా ప్రతి రికార్డులో ఉంటాయి.

"అన్నీ ఆపు" గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. టూల్‌బార్ మీద ఎర్రటి ఆపే బొత్తాం ఒకటి ఉంటుంది. అది నొక్కితే ప్రోగ్రాం ఉన్నచోటే చచ్చిపోతుంది, చివరి మెట్టు నడవదు. తెర మీద అంతా ఆగినట్టు కనిపిస్తుంది, సప్లై మాత్రం 36 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. ఒకసారి మా దగ్గర ఒకరు అలా నొక్కి ఫిక్స్చర్ తెరవబోతుంటే ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ బొత్తాన్ని వీఐ లక్షణాల్లో దాచేసి, సొంత ఆపే బొత్తాం పెట్టాను. అది నేరుగా "అన్నీ ఆపు" స్థితికి పంపుతుంది. ఆ స్థితిలో సప్లైని ఆపే గడికి ముందునుంచి వచ్చే ఎర్రర్ తీగ కలపకూడదు. ఎర్రర్ మోసుకొచ్చే తీగ కలిస్తే చాలా గడులు పని చేయకుండా దాటేస్తాయి, సరిగ్గా ఆపవలసిన సమయంలోనే ఆపవు. ఇవన్నీ ఉన్నా బెంచీకి కరెంటు తీసేసే పుట్టగొడుగు స్విచ్ వేరేగా, కంప్యూటర్‌తో సంబంధం లేకుండా ఉంది. ఉండి తీరాలి.

ఫెయిల్ చేయగలదా అని పరీక్ష

రెండోసారి ప్రోగ్రాంను బెంచీ మీదకు తెచ్చినప్పుడు మంచి కన్వర్టర్‌తో మొదలుపెట్టలేదు. ఫెయిల్ కావలసినదాన్ని ఫెయిల్ చేస్తుందా అన్నది ముందు తేలాలి. బాగున్న ఒక కన్వర్టర్ అవుట్‌పుట్‌కూ సెన్స్ బిందువుకూ మధ్య 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ అర మీటరుకు కాస్త తక్కువ ముక్క కలిపాం. దాని నిరోధం సుమారు 3 మిల్లీఓమ్‌లు. 1 నుంచి 10 ఆంపియర్లకు వెళ్తే 9 ఆంపియర్ల తేడా, అంటే 27 మిల్లీవోల్టులు అదనంగా పడాలి. ఆ కన్వర్టర్ సొంత తేడా 16. మొత్తం 43 రావాలి, ఫెయిల్ కావాలి. 43కు దగ్గరగా వచ్చింది, ఎర్ర దీపం వెలిగింది. ఆ ఎర్ర దీపం చూసి నాకు కలిగినంత నెమ్మది, ముందు పన్నెండు ఆకుపచ్చ దీపాలు చూసినప్పుడు కలగలేదు. ఆ తీగ ముక్కకు ట్యాగ్ కట్టి ఫిక్స్చర్ పక్కనే ఉంచాం. ఇప్పుడు ప్రతి ఉదయం షిఫ్ట్ మొదట్లో ఒకసారి దానితో, ఒకసారి అది లేకుండా నడిపాకే బ్యాచ్ మొదలవుతుంది. హైలైట్ ఎప్పుడూ ఆపే ఉంటుంది.

ఇంట్లో నేర్చుకోవాలనుకునేవారికి ఒక మాట. 2020 నుంచి ల్యాబ్‌వ్యూకు కమ్యూనిటీ ఎడిషన్ ఉంది, వాణిజ్యేతర వాడకానికి ఉచితం. కంపెనీ పనికి అది వాడకూడదు, లైసెన్స్ ఖర్చును మొదటే లెక్కలో వేసుకోవాలి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైల్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు, కాబట్టి బెంచీ కంప్యూటర్‌లో, మీ టేబుల్ మీద ఒకే వెర్షన్ ఉంచండి. ఫైళ్లు అక్షర రూపంలో ఉండవు కాబట్టి నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో మామూలు పనిముట్లతో పోల్చడం కష్టం. ఈ చివరి ఇబ్బంది నిజంగా పెద్దదే. నేను ప్రతి మార్పుకూ డయాగ్రం ప్రింటు తీసి తేదీ వేసి ఫైల్ చేస్తున్నాను.

ఆ ప్రింట్లు చదివేది ఆయనే. పోయిన నెల ఒకదాని మీద ఎర్ర ఇంకుతో గీత గీసి ఇచ్చారు. తొమ్మిది బిందువులకు ముందు లోడు లేకుండా ఒక రీడింగు తీయాలట. ఆ గడి ఎక్కడ రావాలో, దాని ఎర్రర్ తీగ ఏ గడి నుంచి రావాలో, ఏ గడిలోకి పోవాలో కూడా ఆయనే గీశారు. అలాగే పెట్టాను.

రిపుల్ మాత్రం ఇంకా చేత్తోనే తీస్తున్నాం. స్కోప్‌లో అంతకన్నా వేగమైన రొదను తగ్గించే 20 మెగాహెర్ట్జ్ పరిమితి పెట్టి, ప్రోబ్ పొడవాటి గ్రౌండ్ తీగ తీసేసి, పొట్టి స్ప్రింగ్‌తో కెపాసిటర్ కాళ్ల మీదే ఆనించి కొలవాలి. పొడవు తీగతో అయితే చుట్టూ ఉన్న రొదంతా రిపుల్‌గా కనిపిస్తుంది. ఆ చోట స్థిరంగా ఆనే పిన్ను కోసం ఫిక్స్చర్‌కు మూడో నమూనా చేస్తున్నాం. అది కుదిరాకే ఆ గడిని డయాగ్రంలోకి తెస్తాను.